వెనక్కి నడవలేని బంటు: ఏకకణ జీవుల త్వచంలో అయాన్ చానెళ్ల అన్వేషణ

అయాన్ చానెళ్ల చరిత్రను సాధారణంగా 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ నాడీతంతువుపై ప్రచురించిన పరిశోధనలతో ప్రారంభిస్తారు. ఆ పరిశోధనల ప్రాధాన్యం నిర్వివాదం. కానీ ఈ కథనంలో నాడీవ్యవస్థే లేని జీవులకు చోటు దక్కలేదు. నాడి లేని కణానికి స్పర్శ ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అంతకు చాలా ముందే తలెత్తింది.

1906లో జెన్నింగ్స్ నిమ్నజీవుల ప్రవర్తనపై వెలువరించిన గ్రంథంలో పారమీషియం నడకను సవివరంగా వర్ణించాడు. అడ్డంకి తగలగానే శైలికలు ఎదురు దిశలో కొట్టుకుంటాయి. జీవి కొంత వెనక్కి జరిగి, దిశ మార్చుకొని మళ్లీ ముందుకు సాగుతుంది. కారణాన్ని పరీక్షించే సాధనం నాడు లేదు. 1934లో కమాదా పారమీషియంలోకి సూక్ష్మ ఎలక్ట్రోడ్‌ను చొప్పించి త్వచానికి ఇరువైపులా ఉన్న విద్యుత్ విభవ భేదాన్ని కొలిచాడు. స్క్విడ్ తంతువు లోపలి నుంచి నాడీ ప్రచోదనాన్ని నమోదు చేసింది 1939లో. ఈ ఐదేళ్ల తేడాను పాఠ్యగ్రంథాలు అరుదుగానే ప్రస్తావిస్తాయి.

అసలు మలుపు 1969లో నైతో, ఎకర్ట్‌ల ప్రయోగాలతో వచ్చింది. పారమీషియం ముందుభాగాన్ని తాకితే కాల్షియం అయాన్లు లోపలికి ప్రవేశించి త్వచం విధ్రువణం చెందుతుంది. జీవి వెనక్కి ఈదుతుంది. వెనుకభాగాన్ని తాకితే పొటాషియం అయాన్లు బయటికి పోతాయి, లోపలి రుణావేశం పెరుగుతుంది. శైలికలు వేగం పుంజుకొని జీవి ముందుకు దూసుకుపోతుంది. స్పర్శ ఒకటే, తాకిన చోటును బట్టి తెరుచుకునే ద్వారాలు వేరు. జెన్నింగ్స్ వర్ణించిన ప్రవర్తనకు భౌతిక ఆధారం ఇక్కడ దొరికింది.

అయినా ఒక సందేహం మిగిలింది: నియంత్రణ త్వచానిదా, శైలికల యంత్రాంగానిదా? దీన్ని తేల్చింది జన్యుశాస్త్రం. 1971లో కుంగ్ వెనక్కి ఈదలేని ఉత్పరివర్తకాలను వేరుచేసి, చదరంగంలోని బంటు పేరు పెట్టాడు. ఇంతకంటే సార్థకమైన నామకరణం జీవశాస్త్రంలో అరుదు. 1973లో కుంగ్, నైతోలు డిటర్జెంటుతో ఆ బంటుల త్వచాన్ని భగ్నంచేసి కాల్షియం అందించగా శైలికలు దిశ మార్చుకున్నాయి. యంత్రాంగం చెక్కుచెదరలేదు, లోపం త్వచంలోనే ఉంది. శైలికలను తొలగిస్తే కాల్షియం ప్రతిస్పందన మాయమై, అవి తిరిగి మొలిచాక మళ్లీ కనిపిస్తుందని తరువాతి ప్రయోగాలు చూపాయి. ఆ చానెళ్లు శైలికల త్వచంలోనే ఉన్నాయన్నమాట.

కుంగ్ బృందం అనంతరం బాక్టీరియాల వైపు మళ్లింది. 1987లో ఈ. కోలై కణాలను కృత్రిమంగా పెద్దవిచేసి, ప్యాచ్ క్లాంప్ పద్ధతిలో పీడనానికి తెరుచుకునే చానెల్‌ను గుర్తించారు. 1994లో అటువంటి ఒక చానెల్ జన్యువును వేరుచేశారు. 1998లో మెకిన్నన్ బృందం స్ట్రెప్టోమైసిస్ లివిడన్స్ పొటాషియం చానెల్ నిర్మాణాన్ని ఆవిష్కరించింది. 2003లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ నిర్మాణానికి వచ్చిన కీర్తిలో అధికభాగం అది మన నాడుల చానెళ్లను వివరించినందుకే. ఆ చానెల్ బాక్టీరియాకు ఎందుకు పనికివస్తుందని అడిగినవారు తక్కువ. పీడన చానెళ్ల విషయంలో ఆ ప్రశ్నకు 1999లో సమాధానం దొరికింది: రెండు ముఖ్య చానెళ్ల జన్యువులను తొలగించిన ఈ. కోలైని గాఢ ద్రావణం నుంచి ఒక్కసారిగా పలుచని ద్రావణంలోకి మార్చగా, లోనికి చొరబడిన నీటి ఒత్తిడికి కణాలు పగిలిపోయాయి.