ఆఫ్రికా బూడిద చిలుక: పిల్లను ఇంటికి తెచ్చే ముందు

బూడిద రంగు ఒళ్లు, ఎర్రని తోక, నల్లని ముక్కు, కళ్ల చుట్టూ ఈకల్లేని తెల్లని చర్మం. పక్షులు పెంచేవాళ్లంతా ఆఫ్రికన్ గ్రే అని పిలిచే ఈ చిలుకకు 1758లో శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు సిట్టాకస్ ఎరిథాకస్. దీనికంటే కాస్త చిన్నగా, రంగు ముదురుగా, తోక మెరూన్‌గా ఉండే టిమ్నే చిలుకను చాలాకాలం ఇందులో ఉపజాతిగానే లెక్కించారు. ఇప్పుడు వేరే జాతి అంటున్నారు. ఎదిగిన బూడిద చిలుక పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 500 గ్రాములు. బాగా చూసుకుంటే 40 ఏళ్లు, ఒక్కోసారి 60 ఏళ్లు కూడా బతుకుతుంది. పిల్లను తేవాలనుకున్న ఇంట్లో ఏర్పాట్లు చాలావరకు ఒక పంజరం, గింజల డబ్బా, రెండు బొమ్మలతో అయిపోతాయి. మూడు నాలుగు నెలల పిల్లకు అవి సరిపోయినట్టే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ వయసులో అది ఎవరి చేతిమీదికైనా వస్తుంది, ఏది పెట్టినా తింటుంది, ఎక్కువగా నిద్రపోతుంది. ఆ మెతకదనం ఏడాదో రెండేళ్లో ఉంటుంది. తర్వాత మిగిలేది పట్టుదలా, భయాలూ, బలమైన ముక్కూ ఉన్న పెద్ద పక్షి, దానితో గడపవలసిన కొన్ని దశాబ్దాలు. అందుకే ప్రతి ఏర్పాటునూ ఆ పెద్ద పక్షిని కళ్లముందు పెట్టుకుని చేయాలన్నది ఈ వ్యాసం వాదన.

ఆ పెద్ద పక్షి ఎలాంటిదో తెలియాలంటే దాని అడవిని చూడాలి. ఐవరీ కోస్ట్ నుంచి ఘనా, నైజీరియా, కామెరూన్, గాబన్, కాంగోల మీదుగా ఉగాండా, పశ్చిమ కెన్యా వరకు ఉన్న వాన అడవులు దీని నివాసం. ఎత్తయిన చెట్టు తొర్రలో ఆడపక్షి మూడు నుంచి ఐదు గుడ్లు పెట్టి నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు పది పన్నెండు వారాలు తొర్రలోనే ఉంటాయి. బయటికి ఎగిరాక కూడా తల్లిదండ్రుల వెంటే తిరుగుతూ ఆయిల్‌పామ్ పండును ఎలా ఒలవాలో, ఏ కొమ్మమీద వాలాలో, ఏ నీడను చూసి బెదరాలో నేర్చుకుంటాయి. పొద్దువాలితే వందల సంఖ్యలో, కొన్నిచోట్ల వేల సంఖ్యలో ఒకేచోట చేరి నిద్రిస్తాయి. కుక్కనూ ఆవునూ మనిషి వేల ఏళ్లుగా సాకి తనకు అనువుగా మలుచుకున్నాడు. ఈ చిలుకకు అలాంటి చరిత్ర లేదు. పంజరంలో పుట్టిన పిల్లకు కూడా కొన్ని తరాల వెనక ఉన్నది అడవే.

ఇక్కడ మొదటి చిక్కు పిల్ల వయసు దగ్గరే వస్తుంది. సిరంజితోనో చెంచాతోనో జావ తాగించే దశలో పిల్లను కొంటే అది మనకే అలవాటు పడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. పైకి సబబుగానే ఉంటుంది. కానీ ఆ జావ కాస్త వేడెక్కితే మెడ కింద ఉండే మేత సంచి లోపల కాలుతుంది. చల్లారితే అరగక పులుస్తుంది. చెయ్యి తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అనుభవం లేని ఇంట్లో ఈ మూడింటిలో ఏదైనా పిల్ల ప్రాణం తీయగలదు. మనసు సంగతి ఇంకా ముఖ్యం. చిలుకలను ఏ పద్ధతిలో సాకారు, పెద్దయ్యాక అవి ఎలా ప్రవర్తించాయి అని పరిశీలించిన ఒక అధ్యయనం 2006లో అచ్చయింది. ఐదు వారాలు నిండకముందే తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన పిల్లల్లో, పెద్దయ్యాక అర్థం లేకుండా ఒకే కదలికను పదేపదే చేసే లక్షణం ఎక్కువగా కనిపించిందని అది తేల్చింది. చేతిమేత వల్ల పిల్ల మచ్చిక కావడం నిజమే. ఆ మచ్చికలో కొంత భాగం, తనవాళ్లెవరూ లేని పిల్ల దొరికిన ఆసరాను పట్టుకోవడం. తనంతట తాను తినడం వచ్చిన పిల్ల కూడా మనిషిని ఇష్టపడుతుంది. కొన్ని వారాల ఓపిక అదనంగా పడుతుంది, అంతే.

అందుకని పిల్లను చూడబోయినవాళ్లు అది మాట్లాడుతుందా అని అడిగేకంటే దాని కళ్లు, కాళ్లు, మేత చూడాలి. పూర్తిగా నల్లని కళ్లుంటే ఇంకా పసిది. నెలలు గడిచేకొద్దీ నలుపు బూడిదకు, ఏడాది దాటాక లేత పసుపుకు తిరుగుతుంది. పసుపు కళ్ల పక్షిని నాలుగు నెలల పిల్ల అని చెబితే అది అబద్ధం. కాలికి అతుకులేని ఉంగరం ఉందో లేదో చూడాలి. గుడ్డులోంచి వచ్చిన కొన్ని వారాల్లో, వేళ్లు ఇంకా సన్నగా ఉన్నప్పుడే దాన్ని ఎక్కించగలరు. తర్వాత పాదం పట్టదు. ఒక పూటంతా అక్కడే కూర్చుని, పిల్ల గిన్నెలోని మేతను తానే తింటోందా, లేక మనిషి కనిపించగానే రెక్కలు వణికిస్తూ తల ఎగరేస్తూ జావ కోసం అడుగుతోందా గమనించాలి. రెండోదైతే దాన్ని ఇంకా తీసుకురాకూడదు.

రెక్కల సంగతిలో మన ఇళ్ల పద్ధతికీ పక్షి అవసరానికీ నేరుగా పోటీ పడుతుంది. ఎగిరిపోతుందని, సీలింగ్ ఫ్యానుకు తగులుతుందని పిల్ల రెక్కలు కత్తిరించి ఇస్తారు. భయం నిజమైనదే, తిరిగే ఫ్యాను పక్షిని చంపేస్తుంది. అయితే ఎగరడం, మలుపు తిరగడం, వాలడం నేర్చుకునే వయసులో ఈకలు కోస్తే ఒళ్లు బరువైన ఈ చిలుక రాయిలా కింద పడుతుంది, రొమ్ము ఎముక మీది చర్మం చిట్లుతుంది. పడ్డ ప్రతిసారీ ఒక భయం మిగులుతుంది. సవరించుకోవలసింది గదిని. పక్షి బయట ఉన్నంతసేపూ ఫ్యాను స్విచ్చి మీద టేపు ఉండాలి, కిటికీలకు జాలీ, అద్దాలకు తెర ఉండాలి, తలుపు తీసేముందు పక్షి ఎక్కడుందో చూసే అలవాటు ఇంటిల్లిపాదికీ రావాలి. ఈ అలవాటు రావడానికి నెల పడుతుంది కాబట్టి పక్షి రాకముందే మొదలుపెట్టాలి. పంజరం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: రెండడుగుల లోతు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుకు తగ్గకూడదు, గుండ్రటిది వద్దు, జింకు పూత పూసిన చవక తీగలు వద్దు. మొదటి నెలల్లో కొమ్మలు కిందికి కట్టాలి, ఎందుకంటే పిల్ల నిద్రలో జారుతుంది. రాత్రి పది పన్నెండు గంటలు చీకటీ నిశ్శబ్దమూ కావాలి. టీవీ ఉన్న హాల్లో అవి దొరకవు.

మేత దగ్గర వినిపించే అభ్యంతరం ఒకటుంది: మన పెద్దలు రామచిలుకలకు జామపండూ పండుమిరపకాయా నాలుగు గింజలూ వేసి పెంచలేదా, దీనికి ఇంత హంగామా ఎందుకు? రామచిలుక ఈ నేల పక్షి, దాన్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ పెంపకంలో ఎన్ని చిలుకలు ఎంతకాలం బతికాయో ఎవరూ లెక్క రాయలేదు కూడా. బూడిద చిలుక మాత్రం గింజల తిండితో ఎలా దెబ్బతింటుందో పక్షి వైద్యులు స్పష్టంగా రాశారు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియమూ విటమిన్ ఎ తక్కువ. రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు మిగతా చిలుకలకంటే ఈ జాతిలో ఎక్కువ. అది ముదిరితే పక్షి కొమ్మమీంచి పడి ఫిట్స్‌తో కొట్టుకుంటుంది. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి నేరుగా పడే ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగులో ఆ గుణం ఉండదు. కాబట్టి పొద్దుటి లేత ఎండ పడే బాల్కనీలో పక్షిని భద్రంగా ఉంచగల చోటు ఒకటి ముందే చూసుకోవాలి. చిలుకలకని తయారయ్యే పెల్లెట్లు సగానికి పైగా, మిగతా భాగం మునగాకు, క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, నానబెట్టి మొలకెత్తించిన పెసలు ఉంటే మంచిది. పిల్ల మొదటి ఏడాదిలో రుచి చూసినవే పెద్దయ్యాక నమ్మి తింటుంది. గింజలకే అలవాటు పడిన పదేళ్ల చిలుక చేత ఆకుకూర తినిపించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. ఆవకాయ ముక్క, కాఫీ చుక్క, చాక్లెట్, అవకాడో దగ్గరికే రానీయకూడదు.

వంటింటి గాలి ఇంకా తొందరగా చంపుతుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే దాని పూత నుంచి వచ్చే రంగూ వాసనా లేని ఆవిరి పక్షిని నిమిషాల్లో తీసుకుపోతుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట కూడా ఆ ఊపిరితిత్తులకు పడవు. ఎదురు ఇబ్బందీ ఉంది: ఈ చిలుక ఈకల నుంచి మెత్తని తెల్లపొడి నిత్యం రాలుతుంది, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఇబ్బంది పడతారు. రోజూ నీళ్లు చిలకరిస్తే పొడి తగ్గుతుంది, ఈకలూ బాగుంటాయి. వాన అడవి పక్షి గనక ఎండకు ఓర్చుకుంటుందనుకోవడం కూడా పొరపాటే. ఆ అడవిలో నీడా తేమా ఉంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మూసిన గదిలో పంజరం ఉంచితే పక్షి ముక్కు తెరిచి రొప్పుతుంది.

అన్నింటికంటే ఆలోచించవలసింది తోడు గురించి. ఒంటరిగా పెంచితేనే మాట్లాడుతుందనే నమ్మకానికి ఎప్పుడూ చూపే సాక్షి అలెక్స్. శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో షికాగోలో ఒక పెట్ షాపులో కొన్న ఈ చిలుక వందకు పైగా మాటలు నేర్చి, రంగులూ ఆకారాలూ చెప్పి, ఆరు వరకు లెక్కించి, 2007లో 31 ఏళ్ల వయసులో చనిపోయింది. అయితే అలెక్స్ నేర్చుకున్న తీరు ఆ నమ్మకాన్నే దెబ్బతీస్తుంది. ఇద్దరు మనుషులు దాని ముందు కూర్చుని, ఒకరు వస్తువు చూపించి అడిగితే మరొకరు జవాబు చెప్పి ఆ వస్తువు అందుకునేవారు. అలెక్స్ చూసి, ఆ సంభాషణలో చోటు కోసం పోటీ పడేది. రోజంతా మనుషులు తనతో పనిచేస్తున్న పక్షి అది. పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఏడుకు తీసే ఫ్లాటుకు అలెక్స్ ఉదాహరణ వర్తించదు. ఒంటరితనం శరీరంలో ఏం చేస్తుందో 2014లో వియన్నా పరిశోధకులు చూశారు. వయసు పెరిగేకొద్దీ కురచబడే క్రోమోజోముల కొసలను కొలిచి, ఒంటరిగా ఉంచిన బూడిద చిలుకల్లో అవి జంటగా ఉన్నవాటికంటే కురచగా ఉన్నాయని, తమకంటే 23 ఏళ్లు పెద్దవైన జంట చిలుకల కొలతతో సరిపోతున్నాయని రాశారు. దీన్నిబట్టి ఫలానా పక్షి ఆయుష్షు ఇంత తగ్గుతుందని లెక్కగట్టలేం. కానీ తన ఈకలు తానే పీక్కుని రొమ్ము బోసిగా మిగిలిన చిలుకలను చూసినవారికి ఆ కొలత ఆశ్చర్యం కలిగించదు. స్విట్జర్లాండ్ 2008 నాటి నిబంధనల్లో చిలుకను ఒంటరిగా ఉంచడాన్నే ఒప్పుకోలేదు.

రెండో చిలుక వస్తే మనల్ని లెక్కచేయదేమో అన్న భయం కొంతవరకు నిజం. మనిషి ఒక్కడే లోకమైన పక్షి, ఈడొచ్చాక అతన్ని జతగా భావించి మిగతావాళ్లను కరుస్తుందన్నదీ నిజమే. రెండిటిలో ఏది మేలో తేల్చుకోవడం కష్టం కాదు. రెండింటిని పెంచే వీలు లేకపోతే, పగలు ఎక్కువసేపు ఎవరో ఒకరు ఉండే ఇల్లయినా కావాలి. ఆ రెండూ లేనివాళ్లు ఈ పక్షి జోలికి పోకపోవడమే న్యాయమని నా అభిప్రాయం.

పెంపకంలో పుట్టిన పిల్లను కొంటే అడవికి నష్టమేముంది అనే మాటలో నిజముంది, కానీ పూర్తి నిజం లేదు. 1975 నుంచి 2013 వరకు అంతర్జాతీయ వ్యాపారంలోకి వెళ్లిన అడవి బూడిద చిలుకలు 13 లక్షలకు పైగా ఉన్నట్టు నమోదైంది. కొమ్మలకు జిగురు రాసి, ఎరగా ఒక చిలుకను కట్టి, గుంపును పట్టేవారు. ప్రయాణంలో చచ్చినవి ఆ లెక్కలోకి రావు. ఘనాలో 1990ల నుంచి వీటి సంఖ్య నూటికి 90కి పైగా పడిపోయిందని 2016లో తేలింది. ఆ ఏడాదే జొహానెస్‌బర్గ్ సమావేశంలో, వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ఈ జాతిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది, 2017 జనవరి 2 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూలు సైటిస్ అనుబంధాల్లోని జాతులకు వర్తిస్తుంది. 2024 నిబంధనల ప్రకారం పక్షిని ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, చేతులు మారినా చనిపోయినా తెలపాలి. కాగితాలు తర్వాత ఇస్తానన్న చోట పిల్ల ఎక్కడిదో తెలియదు. పెంచలేక వదులుకుంటున్నవాళ్ల దగ్గర ఎదిగిన చిలుకను తీసుకోవడం మరో దారి. దాని స్వభావం, జబ్బులు, ఇష్టాలు ముందే తెలుస్తాయి. పిల్లను చూసి పెద్దపక్షిని ఊహించే శ్రమ ఉండదు.

ఇక మిగిలింది ఏళ్ల లెక్క. 45 ఏళ్ల మనిషి తెచ్చిన పిల్లకు 40 నిండేసరికి ఆ మనిషికి 85. కొడుకో కూతురో అమెరికాలో ఉంటే పక్షిని వాళ్ల దగ్గరికి పంపడం తేలిక కాదు: మొదటి అనుబంధంలోని పక్షి సరిహద్దు దాటాలంటే రెండు దేశాల అనుమతులూ కావాలి. ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండే, వయసులో చిన్నవారైన ఒకరిని ముందే అడిగి ఒప్పించాలి. తర్వాత వాళ్లు మొదటి ఏడాది నుంచే నెలకు రెండుసార్లయినా వచ్చి తమ చేత్తో చిలగడదుంప ముక్క అందిస్తూ ఉండాలి. ఆ చెయ్యి పక్షికి తెలిసి ఉండాలి.