ఫోకస్ (సినిక్ ఆల్బమ్)

ఫోకస్, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి చెందిన సినిక్ బృందం తొలి ఆల్బమ్. 1993 సెప్టెంబర్‌లో రోడ్‌రన్నర్ రికార్డ్స్ దీన్ని విడుదల చేసింది. ఎనిమిది పాటలు, సుమారు 36 నిమిషాలు. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ గురించి మాట్లాడేవారు మొదట చెప్పే నాలుగైదు రికార్డుల్లో ఇదొకటి. వచ్చిన కొత్తలో మాత్రం ఇది ఎవరి కోసం చేసిన సంగీతమో చాలామంది మెటల్ శ్రోతలకే అంతుపట్టలేదు.

డెత్ మెటల్ 1980ల నడుమ పుట్టింది. శ్రుతి దించిన గిటార్లు, ఊపిరాడనివ్వని డ్రమ్స్, మాటలు పోల్చుకోలేని గర్జన, చావు గురించిన సాహిత్యం దాని గుర్తులు. ఫ్లోరిడాలోని టాంపా నగరం, అక్కడి మోరీసౌండ్ స్టూడియో, నిర్మాత స్కాట్ బర్న్స్ ఈ సంగీతానికి కేంద్రమయ్యారు. అదే రాష్ట్రంలోని మయామిలో గిటారిస్టు పాల్ మాస్విడాల్, డ్రమ్మర్ షాన్ రైనర్ట్ కుర్రతనంలోనే, 1987లో, సినిక్‌ను మొదలుపెట్టారు. వరసగా డెమోలు చేశారు. 1991లో ఇద్దరూ చక్ షుల్డినర్ నడిపే డెత్ అనే బృందంలో చేరి హ్యూమన్ ఆల్బమ్‌కు వాయించారు. రైనర్ట్ పేరు మెటల్ లోకమంతటికీ తెలిసింది ఆ రికార్డుతోనే.

సొంత ఆల్బమ్ మాత్రం ఆలస్యమైంది. 1992 ఆగస్టులో దక్షిణ ఫ్లోరిడాను కుదిపేసిన ఆండ్రూ తుఫాను రెండో గిటారిస్టు జేసన్ గోబెల్ ఇంటినీ, బృందం సాధన చేసుకునే చోటునూ నాశనం చేసింది. రికార్డింగ్ వెనక్కి జరిగింది. ఈ వ్యవధిలో పాటలు మరింత మారాయని వింటేనే అర్థమవుతుంది. తొలి డెమోల్లోని కరుకు త్రాష్ మెటల్‌కూ ఈ ఆల్బమ్‌కూ పోలికే తక్కువ.

చివరికి మోరీసౌండ్‌లోనే, స్కాట్ బర్న్స్ చేతుల మీదుగానే రికార్డింగ్ జరిగింది. స్టూడియో అదే, నిర్మాత ఆయనే, సంగీతం వేరు. మాస్విడాల్ తన గొంతును వోకోడర్ అనే యంత్రం గుండా పంపి, మనిషో మరో లోకవాసో తెలియనట్టు పాడాడు. గర్జనలు టోనీ టీగార్డెన్‌వి. షాన్ మలోన్ వాయించిన బేస్ గిటార్‌కు మెట్లు లేవు. అందుకే స్వరం నుంచి స్వరానికి వయొలిన్‌లో లాగా జారుతుంది. డెత్ మెటల్‌లో బేస్ అంటే గిటార్ల కింద నలిగిపోయే వాద్యం. ఇక్కడ అది పాట పొడవునా వేరుగా వినిపిస్తుంది. రైనర్ట్ డ్రమ్స్ వాయింపులో జాజ్ తాలూకు సున్నితత్వం ఉంది. నన్నడిగితే ఈ ఆల్బమ్‌ను నిలబెట్టింది వోకోడర్ కన్నా ఆ రెండు వాద్యాలే.

సాహిత్యంలోనూ శవాలు, కత్తులు లేవు. మొదటి పాట పేరు వెయిల్ ఆఫ్ మాయ. వేదాంతులు చెప్పే మాయే అది. పరమహంస యోగానంద బోధల ప్రభావం పాటల్లో కనిపిస్తుంది. 2004లో షికాగోలో మొదలైన ఒక బృందం ఆ మొదటి పాట పేరునే తన పేరుగా పెట్టుకుంది.

ఆల్బమ్ వచ్చాక సినిక్, రక్తపాతపు పాటలకు పేరుపడ్డ కానిబాల్ కార్ప్స్ బృందంతో కలిసి అమెరికాలో పర్యటించింది. ఇంతకన్నా పొసగని జోడీ దొరకడం కష్టం. రక్తం కోసం వచ్చిన జనానికి ధ్యానం రుచించలేదు. 1994లో బృందం విడిపోయింది. విడిపోయాకే ఆల్బమ్ పేరు పెరిగింది. 2004లో రోడ్‌రన్నర్ దాన్ని మళ్లీ తెచ్చింది, 2006లో బృందం తిరిగి కలిసింది, 2008లో రెండో ఆల్బమ్ ట్రేస్డ్ ఇన్ ఎయిర్ వచ్చింది. రెండు ఆల్బమ్‌ల మధ్య పదిహేనేళ్లు! రైనర్ట్ 2020 జనవరిలో, మలోన్ అదే ఏడు డిసెంబర్‌లో చనిపోయారు. 2023లో మాస్విడాల్ ఈ పాటలను కొత్తగా మిక్స్ చేయించి రీఫోకస్ పేరుతో విడుదల చేశాడు.

ఈ సంగీతం తెలుగు నేలకూ చేరింది. ఇక్కడ డెత్ మెటల్‌కు చిరునామా హైదరాబాద్. అక్కడ 2015లో ఏర్పడిన గాడ్‌లెస్ అనే బృందం మరుసటి ఏడాదే సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్ అనే ఈపీతో (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) బయటికొచ్చింది. వారిది సినిక్ దారి కాదు. పాతకాలపు డెత్ మెటల్, దానికి త్రాష్ వేగం. 2018లో స్వార్మ్ అనే మరో ఈపీ చేశారు. మొదటి పూర్తి ఆల్బమ్ స్టేట్స్ ఆఫ్ ఖేయాస్ 2021లో వచ్చింది.