సముద్రము దాటి వచ్చిన విడాకులు

మదురై, కోయంబత్తూరు ప్రాంతముల తెలుగువారి చరిత్ర వ్రాయువారు సాధారణముగా విశ్వనాథ నాయకునితో మొదలుపెట్టి, తిరుమల నాయకుని మహలును వర్ణించి, రాణి మంగమ్మ వేయించిన బాటలతో ముగింతురు. అవి మనకు గర్వకారణములే. కాని రాజుల చరిత్ర వేరు, ఇండ్ల చరిత్ర వేరు. ఇండ్ల చరిత్రలో పెండ్లి యెంత ముఖ్యమో, చెడిన పెండ్లిని పెద్దలు ఏ తీరున పరిష్కరించిరన్నదియు నంతే ముఖ్యము. ఇప్పుడు మన పిల్లలు అమెరికా మొదలగు దేశములలో కాపురములు పెట్టుచున్నారు. ఇచ్చట పడిన ముడిని అచ్చటి న్యాయస్థానము విప్పుట యను క్రొత్త చిక్కు మన యిండ్లకును వచ్చినది. దానిని గూర్చి మాకు తెలిసినంత మనవి చేయుచున్నాము.

విడాకులు అను మాటలోనే ఆకు వినిపించుచున్నది. దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కులములలో కొన్నింట విడిపోవు ఆచారము గలదు, కొన్నింట లేదు. ఆచారమున్న చోట అది కులపెద్దల యెదుట జరుగునది. ఆ పంచాయతులలో లోపములు లేకపోలేదు. ఆడుదాని మాటకు మగవాని మాటతో సమానమైన విలువ దొరకుట అరుదు. అయినను ఒక మంచి యున్నది. ఇరువైపుల వారును ఒకే చెట్టు నీడను కూర్చుండవలెను. ఎదుటి పక్షమునకు తెలియకుండ తీర్పు జరుగుటకు వీలు లేదు.

ఇంగ్లీషువారి కాలమున ఇట్టి ఆచారములకు న్యాయస్థానములలో విలువ గలదా యను ప్రశ్న పుట్టెను. దానికి సమాధానము మన మదురై జిల్లా నుండియే వచ్చినది. రామనాథపురము జమీందారీ దత్తత వ్యవహారములో, మదురై కలెక్టరు కక్షిగా నున్న వ్యాజ్యమున, 1868లో ప్రీవీ కౌన్సిలు, స్పష్టముగా ఋజువైన ఆచారము శాస్త్రవచనము కంటె బలమైనదని చెప్పినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము 29వ సెక్షనులో ఆచారసిద్ధమైన విడాకుల హక్కును నిలిపియుంచుట ఈ భావమునకు అనుగుణమైనదే.

మఱి ఒక దేశపు పెండ్లిని మఱియొక దేశపు కోర్టు రద్దు చేయవచ్చునా? ఈ ప్రశ్నకు పేరుపడిన తీర్పు మనకు పొరుగుననే యున్న సింహళద్వీపమునుండి పుట్టినది. అచ్చట ఉద్యోగము చేయుచున్న ఒక తెల్లదొర సింహళ న్యాయస్థానములో విడాకులు కోరెను. 1895లో ప్రీవీ కౌన్సిలు, దంపతుల స్థిరనివాసము ఏ దేశమో ఆ దేశపు కోర్టునకే అధికారము గలదు గాని, ఉద్యోగరీత్యా కొంతకాలమున్న చోటి కోర్టునకు లేదని నిర్ణయించినది. దొరల కాపురమునకు పెట్టిన ఆ న్యాయము మన కాపురములకును అవసరమగునని నాడెవ్వరు తలంచియుందురు?

మన రాష్ట్రమున హిందువులకు చట్టము ద్వారా విడాకులు 1949లో వచ్చినవి. ద్విభార్యాత్వమును నిషేధించి, విడాకులకు వీలు కల్పించిన మద్రాసు చట్టమది. నాటికి ఆంధ్రజిల్లాలు మద్రాసులోనే యుండుటచేత, గుంటూరు తెలుగువారికిని మదురై తెలుగువారికిని ఒకటే శాసనమైనది. 1955లో దాని స్థానమున హిందూ వివాహ చట్టము వచ్చినది. 1976 సవరణతో దంపతులిరువురు సమ్మతించి విడిపోవు మార్గము ఏర్పడినది.

ఇక ప్రధాన విషయము. 1975లో తిరుపతిలో ఒక తెలుగు జంటకు వివాహమైనది. 1978లో వారు వేరైరి. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున తొంబది దినముల నివాసమును చూపి, సెయింట్ లూయీ కౌంటీ కోర్టులో దావా వేసెను. భార్య ఆ కోర్టు అధికారమును అంగీకరింపనని తెలుపుచు సమాధానము పంపినది. ఆమె హాజరు కాకయే 1980లో డిక్రీ వెలువడెను. కాపురము మరల కూడని విధముగా చెడినదను కారణము అందు చూపిరి. మన చట్టములో అట్టి కారణమే లేదు. 1981లో ఆయన యాదగిరిగుట్టలో మఱొక వివాహము చేసికొనగా, మొదటి భార్య ద్విభార్యాత్వ నేరము మోపినది.

1991 జూలై 9న సుప్రీముకోర్టు ఆ డిక్రీ ఇచ్చట చెల్లదని తీర్పు చెప్పినది. వివాహము ఏ చట్టము క్రింద జరిగినదో, ఆ చట్టము ఒప్పుకొన్న కోర్టే, ఆ చట్టము చెప్పిన కారణము మీదనే విడాకులు ఇయ్యవలెనని తీర్పు సారాంశము. దీనికి మూడు మినహాయింపులు గలవు. ఎదుటి పక్షము స్థిరముగా నివసించు చోటనే దావా వేసి, మన చట్టములోని కారణమునే చూపుట మొదటిది. ఎదుటి పక్షము స్వయముగా ఆ కోర్టు అధికారమునకు లోబడి, అట్టి కారణము మీదనే వాదించుట రెండవది. ఎదుటి పక్షము విడాకులకు సమ్మతించుట మూడవది. కావున విదేశీ విడాకులన్నియు వ్యర్థములని యెవ్వరును భ్రమపడరాదు. ఇరువురును తెలిసి, సమ్మతించి విడిపోయినచో చట్టము అడ్డు చెప్పదు.

ఈ తీర్పును మేము కథగా చెప్పుట లేదు. కొన్నేండ్ల క్రిందట మదురైలో మేమెఱిగిన యొక యింటికి అమెరికా కోర్టునుండి ఒక కవరు వచ్చినది. అమ్మాయి పినతండ్రి, "మనము జవాబు వ్రాయకున్న వాండ్లేమి చేయగలరు?" అని దానిని బీరువాలో దాచెను. అమ్మాయికి చెప్పలేదు. జీవితమంతయు కాగితముల నడుమ గడపినవారమని అది మాకు చూపునప్పటికి గడువు దాటి రెండు నెలలైనది. అచ్చట డిక్రీ అయిపోయెను. ఆ బిడ్డ మమ్ము అడిగిన దొక్కటే: "మామయ్యా, పేరు నాది గదా, నాకెందుకు చూపలేదు?" దానికి మా యొద్ద జవాబు లేదు. ఇక్కడి లెక్కలో ఆమె భార్య, అక్కడి లెక్కలో కాదు. తాను మరల పెండ్లి చేసికొనదలచినను, ముందుగా ఇచ్చటి కోర్టునకు పోక తప్పలేదు.

విదేశపు కోర్టు కేవలము విచారించకయే ఇచ్చిన తీర్పు గాని, మోసముతో పొందిన తీర్పు గాని, సహజన్యాయమునకు విరుద్ధమైన తీర్పు గాని చెల్లదని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 13వ సెక్షను చెప్పుచున్నది. 2003 సవరణచేత భార్య తాను నివసించు ఊరనే దావా వేయవచ్చును. భారతదేశమున జరిగిన ఇట్టి వివాహములను విదేశీ కోర్టులు రద్దు చేయకుండ శాసనము రావలెనని 1994లో సుప్రీముకోర్టు సూచించినది. 2009లో లా కమిషను సయితము ప్రవాసుల కుటుంబ వ్యవహారములకు శాసనము అవసరమని నివేదించినది. మరల కలియని కాపురమును రద్దు చేయు విశేషాధికారము తనకు గలదని 2023లో సుప్రీముకోర్టు ప్రకటించినది. అది క్రింది కోర్టులకు లేదు.

కాబట్టి మా మనవి యిది. కవరు వచ్చినచో దాచవలదు. ఎవరి పేరున వచ్చినదో వారి చేతికే ఇయ్యవలెను. చదువని కాగితముపై, అది వీసా కాగితమని చెప్పినను, సంతకము చేయరాదు. సమ్మతి యొక్క సంతకముతోనే విదేశపు తీర్పు ఇచ్చటను బలపడునని మఱువరాదు. జవాబు వ్రాయుటకు ముందే న్యాయవాదిని సంప్రతింపవలెను.

మన పూర్వులు చెట్టు క్రింద ఇరువురిని కూర్చుండబెట్టి విన్నారు. ఢిల్లీలోని న్యాయమూర్తులు కోరినదియు దాదాపు అదియే. విడిపోవుట తప్పనిసరియైనచో విడిపోవచ్చును. కాని ఒకరు వ్రాసి, మఱొకరు చదువని ఆకు విడాకు కాజాలదు.