కథాపఠనమును శాసించిన ప్రశ్నపత్రము

మన తెలుగు తరగతులలో కథానిర్మాణమును పరిశీలించుటయు, చదువరి తనలో తాను ప్రశ్నించుకొనుచు చదువుటయు నిన్నమొన్నటి పాఠ్యపుస్తకములతో పశ్చిమమునుండి వచ్చిన విద్యలనియు, అంతకుముందు వల్లెవేయుట తప్ప మనకు వేఱొకటి తెలియదనియు ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో తఱచుగా వినవచ్చుచుండును. భాషోద్యమ చరిత్రలు వ్రాయువారో, వ్యావహారికము గ్రంథములకెక్కిన నాటినుండియే బాలుర పఠనము బాగుపడెనని తేల్చుదురు. మొదటి మాటకు చరిత్ర సాక్ష్యమీయదు. రెండవ మాట కారణమును తప్పుచోట వెదకినది. బడిలో కథను చదువు తీరును నిర్ణయించినది సిద్ధాంతలోపమును గాదు, భాషాభేదమును గాదు, పరీక్షలో అడుగబడిన ప్రశ్నయే యని నా తలంపు.

ప్రాచీనదశను విస్తరింప బనిలేదు. నాటకకథను ముఖము మొదలు నిర్వహణము వఱకు ఐదు సంధులుగా విభజించి చూపిన లక్షణశాస్త్రము పండితులకు సుపరిచితమే; పురాణకాలక్షేపమున ఒకరు పద్యము చదువ, వేఱొకరు అర్థము చెప్ప, శ్రోతలు నడుమ సందేహములడుగుటయు వాడుకలో నున్నదే. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినపిమ్మట, కథలో కథ యిమిడిన చక్కని గద్యము బడిపిల్లవాని చేతికి వచ్చినది. మిత్రలాభమున పావురములు వలతో గూడ ఎగిరిపోవుట, ఎలుక ఆ వలను కొఱుకుట, అది చూచిన కాకి తనకు ఆహారము కాదగిన ఎలుకతోనే చెలిమి కోరుట, ఈ మూడింటి కార్యకారణసంబంధమును పట్టుకొన్న బాలుడు కథానిర్మాణమును సగము గ్రహించినట్లే. అయినను తరగతిలో అడిగినది సంధి, సమాసము, ప్రతిపదార్థము. కాకి మనసు మార్చినదేదని అడిగినవారరుదు.

ఇక వివాదాస్పదమైనది 1906 మొదలు 1914 వఱకు గల కాలము. దానిని గ్రాంథిక వ్యావహారికముల పోరాటముగా మాత్రమే చెప్పుట ఆచారమైనది. కాని గిడుగు రామమూర్తి ఆ పోరాటమునకు దిగినది పర్లాకిమిడిలో పాఠములు చెప్పిన అధ్యాపకుడుగా. పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరయు, విశాఖపట్టణపు ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారును, గురజాడ అప్పారావును ఒకచోటికి వచ్చినది బోధనాపద్ధతిని గూర్చిన చింతతోడనే. పిల్లవాడు చదివినదానిని తన మాటలలో చెప్పగలుగవలెనను కోరిక ఆ ఉద్యమమునకు మూలములలో ఒకటి. అమెరికాలో 1984లో పాలిన్సార్, బ్రౌన్ అను పరిశోధకురాండ్రు ప్రకటించిన పఠనపద్ధతిలో సంగ్రహించుట, ప్రశ్నించుట, సందేహము తీర్చుకొనుట, రాబోవుదానిని ఊహించుట అను నాలుగంగములు కలవు. వానిలో మొదటిదానిని మనవారు డెబ్బదియేండ్లకు ముందే కోరిరనుట అతిశయోక్తి గాదు.

1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతిపత్రమును సమర్పించెను. అదే యేట కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము వెలువడెను. మొదటిది విద్యార్థి ఏ భాషలో వ్రాయవలెనో విచారించినది. రెండవది కథాకావ్యమును ఎట్లు చదువవలెనో చూపినది. పింగళి సూరన కళాపూర్ణోదయమున కాలక్రమము తలక్రిందై, ముందు జరిగినది వెనుక తెలియుచు, ఎనిమిది ఆశ్వాసముల పొడవునను చదువరి తెగిన పోగులను తానే ముడివేసికొనవలసియుండును. రామలింగారెడ్డి ఆ కథాసంవిధానమును, పాత్రపోషణమును తూచి చూచెను. చరిత్రకారులు ఈ రెండు రచనలను వేర్వేఱు అధ్యాయములలో పెట్టుదురు; నా దృష్టిలో ఇవి ఒకదానికొకటి పూరకములు. కాని అవి తరగతిలో కలిసికొనలేదు. విశ్వవిద్యాలయ సంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికమువైపు మొగ్గిరి. వివాదమంతయు క్రియారూపముల చుట్టును తిరిగెను. ప్రతిపదార్థ తాత్పర్యములకు ప్రశ్నపత్రమున గల పీఠము కదలలేదు. తరువాత వ్యావహారికము వాచకములకెక్కినపుడును ఆ పీఠము అట్లే నిలిచినది. నా వాదమునకు ఇదియే బలము.

ఇందు కొంత మినహాయింపు చెప్పవలసియున్నది. రామలింగారెడ్డి కొలమానములు కొన్ని ఆంగ్లవిమర్శనుండి తెచ్చుకొన్నవి. ఆయన గ్రంథము బడిపిల్లలకు ఉద్దేశింపబడినదియు గాదు. భాష అడ్డు కానేకాదనుట నా యభిమతము గాదు. అర్థముకాని భాషలో కథ నడక పట్టుబడదు. ఐనను అడ్డు తొలగించుట వేఱు, దారి చూపుట వేఱు.

పై వృత్తాంతమంతయు మద్రాసు రాజధానిది; మన చరిత్రలు అక్కడితో ఆగిపోవుట మఱియొక లోపము. నిజాం రాజ్యమున ఉన్నతవిద్యకు ఉర్దూ మాధ్యమముకాగా, తెలుగు చదువు బడికంటె గ్రంథాలయముననే పెరిగినది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కథకుడైన మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పి, విద్యార్థినులను పూనాలోని కార్వే విశ్వవిద్యాలయపు పరీక్షలకు పంపవలసివచ్చినది. పరీక్షకొఱకు గాక ఇష్టముకొఱకు చదివిన చదువరులను తీర్చినవి ఆ గ్రంథాలయములే.

పరీక్షకొఱకు చదువు చదువో నేడు హైదరాబాదున విపణిగా మాఱినది: నాడు సరూర్‌నగర్ చెంతనున్న పల్లెయైన కొత్తపేట నేడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నడుమ మెట్రో స్తంభముల క్రింద కోచింగు కేంద్రములు, హాస్టళ్లు క్రిక్కిఱిసిన విద్యావిపణిలో కలిసిపోయినది. ఈ విపణి నడుమనే, 2012 మొదలుకొని వచ్చిన కొత్త వాచకములలో అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత అను శీర్షికలు చేరినవి. కథను పొడిగింపుమనియు, పాత్ర స్వభావమును నీ మాటలలో చెప్పుమనియు ప్రశ్నలు వచ్చినవి. సంకల్పము ప్రశంసనీయమే. కాని "నీ మాటలలో" వ్రాయవలసిన జవాబును గైడు ముందే అచ్చువేసి యిచ్చుచుండగా, విద్యార్థి దానిని కంఠస్థము చేయుచుండగా, పాతరోగము కొత్తపేరుతో కొనసాగుచున్నది. ఇంటర్మీడియట్‌కు చేరగనే, మార్కులు సులభముగ వచ్చునని తెలుగును విడిచి సంస్కృతమును ద్వితీయభాషగా తీసికొనువారెందఱో. వారు పుట్టుకనుండి విన్న భాషలోని కథతో బంధము అక్కడ తెగును. తెలంగాణలో 2018 చట్టము బడిలో తెలుగును నిర్బంధము చేసినది. నిర్బంధము పుస్తకమును తెఱపించునే గాని కథను చదివింపదు.

కావున నేను కోరునది క్రొత్త వాచకమును గాదు, క్రొత్త శిక్షణను గాదు. పదవతరగతి పరీక్షలో ఏ గైడునందును లేని ఒక చిన్న కథ నిచ్చి, మలుపు ఎక్కడ వచ్చినది, దానికి బీజము ముందెక్కడ పడినది, ముగింపు నీకు సమ్మతమా, కానిచో ఏల, అని అడిగి, బాలుని కారణమునకు మార్కులు వేయుదురు గాక. ప్రశ్న మాఱిన యేడే బోధన మాఱును. ప్రశ్నపత్రము కూర్చు పెద్దలు ఈ మనవిని ఆలకింపవలెను.