షికార్‌గా వనస్థలి అయిన వైనం

తమిళనాట మనప్పాడు తీరాన 2016 జనవరిలో 80కి పైగా తిమింగిలాలు ఇసుక మీదికి కొట్టుకొని వచ్చినవి. జాలరులు శ్రమపడి కొన్నింటిని నీటిలోనికి చేర్చినారు. వాటిలో కొన్ని మరల ఒడ్డుకే వచ్చినవి. మందను వీడి ఉండలేని జాతి అది. ఒడ్డెక్కిన ప్రాణిని నీట దింపినంతమాత్రాన రక్షణ పూర్తి కాదని ఆనాడు చూచినవారికి తెలిసినది.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న హైదరాబాదువారికి ఈ ప్రస్తావన ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. దిల్‌సుఖ్‌నగర్ దాటి, ఎల్.బి.నగర్ కూడలి మీదుగా విజయవాడ బాటన కొంత దూరం వెళ్లినచో, నేలమీదనే ఒడ్డునపడిన ఒక మంద కథ కనబడుతుంది. అది కృష్ణజింకల మంద. మన పెద్దలు ఇఱ్ఱి అన్నది ఈ జాతి మగజింకనే. వీపు నలుపు, కడుపు తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. ఆడదానికి సాధారణంగా కొమ్ములుండవు.

ఈ మెట్టనేల ఒకప్పుడు నిజాం ప్రభువుల షికార్‌గా, అనగా వేటకై ప్రత్యేకించిన భూమి. వేటకొరకు కాపాడినారన్న మాట వినుటకు వింతగా ఉండవచ్చు. ప్రభువు అనుమతి లేనిదే ఎవరూ తుపాకి ఎత్తరాదన్న కట్టుబాటే ఇటువంటి చోట్ల పచ్చికను, దానిపై మేసే ప్రాణిని నిలిపినది. మెచ్చుకొనవలసినంత దయ అందులో లేదు. పెంపుడు చీతాలను జింకలపైకి వదలి వేడుక చూచుట మన దేశపు దర్బారులకు అలవాటైన వినోదమే. విచిత్రమేమనగా, ఆ చీతా మన దేశంలో అంతరించినదని 1952లో ప్రకటించినారు. జింక మిగిలినది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినది. కట్టుబాటు వెనుక ఉన్న అధికారమూ పోయినది. మలక్‌పేట నుండి సరూర్‌నగర్ వైపు నగరం పెరుగుతూ వచ్చినది. బయళ్లు ప్లాట్లయినవి. పరుగే ప్రాణంగా గల జంతువుకు ప్రహరీ గోడలు లేచినకొద్దీ దారులు మూసుకొనిపోయినవి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చి, కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చినది. పిదప వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా, 1975లో, ఈ వేటభూమిని హరిణ వనస్థలిగా ఏర్పరచి ఆ అహింసామూర్తి పేరే పెట్టినారు. షికార్‌గాకు మహావీరుని పేరు! ఎవరికి తోచిన ఆలోచనో గాని, నాకు మాత్రం మిక్కిలి నచ్చినది. విస్తీర్ణం 3,605 ఎకరాలు. 1994లో జాతీయోద్యానమైనది. ప్రక్కనే పెరిగిన వనస్థలిపురం పేరులోనూ ఆ వనమే ఉన్నది.

అయితే శాశ్వత నివాసమిచ్చినంతనే పని తీరలేదు. పచ్చదనమంటే చెట్లు నాటుటే అని మనం తలుస్తాము. కృష్ణజింకకు కావలసినది తోపు కాదు, గడ్డి బయలు. చుట్టూ కన్ను పారవలెను, పరుగెత్తుటకు చోటుండవలెను. మద్రాసు గిండీలో విల్లింగ్డన్ ప్రభువు 1924లో తెచ్చి వదలిన కృష్ణజింకలు, అక్కడ పొదలు కమ్ముకొని చుక్కల దుప్పులు హెచ్చిన కొలది, తగ్గిపోయినవి. కర్నూలు సీమలోని రోళ్లపాడు కథ దీనికి తలక్రిందు. 1988లో బట్టమేక పిట్టకై ఆ అభయారణ్యాన్ని ఏర్పరచినారు. కృష్ణజింకలు పెరిగి రైతుల చేలపై పడినవి, పిట్ట దాదాపు కనుమరుగైనది. పంట పోయిన రైతును జింక అందచందాలతో ఊరడించలేము గదా.

మన వనస్థలికి ఆ వెసులుబాటు కూడ లేదు. మంద పెరిగితే వెళ్లుటకు ప్రక్కన చేలు లేవు, ఇండ్లే ఉన్నవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. అక్కడ దిగి పిల్లలతో వనస్థలికి వెళ్లదలచినవారు ప్రొద్దుటే బయలుదేరుట మేలు. ఎండ ముదిరితే జింకలు నీడకు చేరి కనబడవు.