ఛాతీ మంట, బారెట్ పేరు
ఛాతీలో మంటొస్తే మనం గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటాం. కానీ ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నుకొస్తుంటే కొందరికి అన్నవాహిక లోపలి పొరే మారిపోతుంది.

1950లో లండన్ సర్జన్ నార్మన్ బారెట్ అలా మారిన భాగాన్ని ఛాతీలోకి లాక్కుపోయిన పొట్ట అనుకున్నారు. అది అన్నవాహికేనని 1953లో అలిసన్, జాన్‌స్టోన్ చూపించారు. 1957లో బారెట్ ఒప్పుకున్నారు. అయినా జబ్బుకు ఆయన పేరే నిలిచింది.

చదునైన కణాల స్థానంలో పేగులో ఉండేలాంటి పొడవాటి కణాలొస్తాయి. ఇవి ఆమ్లాన్ని తట్టుకుంటాయి. అందుకే మంట తగ్గినా జబ్బు తగ్గినట్టు కాదు. చాలామందికి క్యాన్సర్ రాదు, ముప్పు మాత్రం పెరుగుతుంది. మన ఇళ్లలో ఏళ్లుగా మంటతో ఉన్న పెద్దలను ఎండోస్కోపీ అవసరమా అని డాక్టరును అడగమందాం.