ప్లుటోనియము: దాని పుట్టుక, గుణములు

కుప్పమునకు చేరువనున్న కోలారు బంగారు గనులు 2001వ సంవత్సరమున మూతపడినవి. బంగారము తరలిపోయినది, సైనైడుతో శుద్ధిచేసిన రాతిపొడి దిబ్బలు అచ్చటనే మిగిలినవి. లోహమును తీయుట కొన్ని తరముల పని. దాని శేషమును కాచుట అంతకంటె దీర్ఘమైన పని. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికి ఈ మాట వేఱుగ బోధింపనక్కఱలేదు. ప్లుటోనియము చరిత్రము దీనినే మఱింత గట్టిగా చాటుచున్నది.

బంగారము ప్రకృతియందు బంగారముగనే దొరకును. ప్లుటోనియము భూమియందు లేశమాత్రమే. దానిని మానవుడే చేయవలెను. 1940వ సంవత్సరాంతమున అమెరికాలోని బర్క్లీయందు సీబర్గు మున్నగువారు యురేనియమును డ్యూటరాను కణములతో తాడించిరి. 1941 ఫిబ్రవరిలో రసాయన పరీక్షలచే అది నూతన మూలకమని తేల్చిరి. 1942 సెప్టెంబరున చికాగోలో మొదటిసారి తూచిన దాని ఆక్సైడు 2.77 మైక్రోగ్రాములు, అనగా కంటికి ఆననంత. మూడేండ్లు తిరుగకమునుపే, 1945 ఆగస్టు 9న, ఇంచుమించు ఆరు కిలోగ్రాముల ప్లుటోనియము నాగసాకి పట్టణమును ధ్వంసము చేసినది.

ఈ లోహము తెల్లని వెండివలె మెఱయును. గాలి తగిలిన మాసిపోవును. సన్నని పొడియైనచో తనంత తానే అంటుకొనును. నీటి ద్రావణమునందు దీనికి నాలుగు ముఖ్యావస్థలు గలవు. మూడవ అవస్థలో నీలము, నాల్గవదానిలో పసుపు కలిసిన గోధుమవన్నె, అయిదవదానిలో గులాబి, ఆఱవదానిలో నారింజ ఛాయ. ఈ నాలుగును ఒకే పాత్రలో కలిసియుండగలవు.

ఈ చంచలత్వమే దానిని వేఱుచేయు ఉపాయమైనది. వాడిన ఇంధనమును నత్రికామ్లమున కరగించి, కిరసనాయిలు వంటి నూనెలో కలిపిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేటుతో చిలికిన, యురేనియమును నాల్గవ అవస్థలోని ప్లుటోనియమును నూనెలోనికి పోవును. పిదప ప్లుటోనియమును మూడవ అవస్థకు దింపిన, అది నూనెను విడిచి నీటిలోనికి మరలును. వెన్న మజ్జిగను విడిచినట్లే యని గృహిణులు గ్రహింపవచ్చును. 1964లో ట్రాంబేయందు మనవారు నెలకొల్పిన కర్మాగారము ఈ విధానముననే నడచినది. 1985లో కల్పాక్కమునందు ప్రారంభమైన ప్రయోగ రియాక్టరునకు ప్లుటోనియము, యురేనియములను బొగ్గుతో కూర్చిన కార్బైడు ఇంధనమైనది.

ఈ గొలుసునకు మొదటి లంకె యురేనియము. అది మనకు దూరము గాదు; కడప మండలమున తుమ్మలపల్లెయందు గని గలదు. అచ్చటి శిల సున్నపుజాతిది. ఆమ్లము పోసిన వృథాగా హరించును. కావున క్షారముతో యురేనియమును కరగింతురు. మిగిలిన వ్యర్థము చెఱువువంటి కట్టడమున నిలువయుండును. ఆ చుట్టుపట్టుల రైతులు తమ బావినీటినిగూర్చి మొఱపెట్టియున్నారు.

ప్లుటోనియము వెలువరించు ఆల్ఫా కిరణమును ఒక కాగితము ఆపగలదు. కాని దాని ధూళిని పీల్చినచో ఊపిరితిత్తులయందును, ఎముకలయందును, కాలేయమునందును చేరి చిరకాలము బాధించును. దానిలో సగము నశించుటకు 24,100 సంవత్సరములు పట్టును. మన రాజవంశములలో ఏదియు అంతకాలము నిలువలేదు. అట్టి వస్తువును కాపాడు భారము రాబోవు తరములపై మోపుచున్నాము. కనుక దీనిని దైవముగా కొలువవలదు, భూతముగా వెఱవవలదు. రసాయనశాస్త్రము తెలుగున ఇంటింట చదువబడిననాడు బావినీటిని గూర్చిన ప్రశ్నను రైతే అడుగగలడు; వచ్చిన జవాబును తానే పరీక్షింపగలడు.